మామగారు ఎగరేసిన ఫైటరు

ఆ ఏడు వానాకాలంలో నా కాలు విరగకపోయి ఉంటే మా ఇంట్లో విమానం తయారయ్యేది కాదు. బడి మెట్ల మీద తడికి జారి పడ్డాను. కుడి మడమ పైన ఎముక చిట్లిందని డాక్టరు మోకాలిదాకా కట్టు వేసి, ఆరు వారాలు కాలు నేలకు ఆనించవద్దన్నాడు. రాబర్ట్‌సన్‌పేటలో ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేదాన్ని నేను. రోజుకు ఆరు పీరియడ్లు నిలబడి అరిచే మనిషిని మంచం మీద కూర్చోబెడితే మొదటి రెండు రోజులు పండగలా ఉంది. మూడో రోజుకు పిచ్చెక్కింది.

మా ఇల్లు చాంపియన్ అనే పేటలో, ఒకప్పుడు గని కార్మికుల కోసం కట్టిన వరస ఇళ్లలో ఒకటి. మా ఆయన తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయేవారు. బంగారు గని మూతపడ్డాక కేజీఎఫ్‌లో సగం ఇళ్ల సంగతి అంతే. పగలంతా ఇంట్లో ఉండేది అత్తగారు, మామగారు, కట్టుతో నేను.

మామగారు గనిలో వైండింగ్ ఇంజిన్ డ్రైవరుగా చేశారు. బయటి ఊళ్ల వాళ్లకు ఆ పని గురించి చెప్పాలి. గనిలోకి మనుషులు దిగేది షాఫ్టులో, అంటే నిట్టనిలువు బావిలో, కేజి అనే ఇనుప బోనులో. ఆ కేజిని ఇనుప తాడుతో దించి, ఎత్తే పెద్ద యంత్రం షాఫ్టుకు దూరంగా ఒక షెడ్డులో ఉంటుంది. డ్రైవరు ఆ షెడ్డులో కుర్చీ మీద కూర్చుని, ఎదురుగా తిరిగే ముల్లును చూస్తూ, గంట సంకేతం వింటూ, రెండు లీవర్లతో కేజిని నడుపుతాడు. కేజి ఆయనకు కనిపించదు. అందులో ఉన్న మనుషులూ కనిపించరు. చిత్తూరు వైపు పల్లె నుంచి తండ్రి చేయి పట్టుకుని వచ్చిన మనిషి, లోపల పని చేసిన తండ్రినే ఈ లీవర్లతో దించి ఎత్తిన మనిషి.

గని మూసిన రోజు నుంచి ఆయన మాటలు తగ్గించేశారట. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికే అలా ఉన్నారు. పొద్దున పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం వాకిట్లో కుర్చీ. ఆయన రాగానే నేను లేచి నిలబడేదాన్ని, ఆయన తల ఆడించి పోయేవారు. పదేళ్లలో మా ఇద్దరి మధ్య జరిగిన మాటలన్నీ రాస్తే నోటు పుస్తకంలో రెండు పేజీలు నిండవు.

మంచం మీద ఫోను చూస్తూ చూస్తూ ఒక వీడియో దగ్గర ఆగిపోయాను. ఎవరో ఒకాయన ఫోమ్ షీటుతో బూడిద రంగు ఫైటరు విమానం చేసి, చేత్తో విసిరి, రిమోటుతో ఎగరేస్తున్నాడు. అది నిజం విమానంలా గుండ్రంగా కూడా లేదు. అట్ట ముక్కల్ని అడ్డంగా నిలువుగా దూర్చినట్టు, అంతే. కానీ పైకి పోయాక, ఎండలో ఒరిగి మలుపు తిరిగినప్పుడు, నా ఒళ్లు జలదరించింది. గాలి రెక్కను ఎలా ఎత్తుతుందో పదహారేళ్లుగా బోర్డు మీద బాణాలు గీసి చెప్తున్నాను. నా చేత్తో ఇంతవరకూ ఒక్క వస్తువునూ గాల్లో నిలబెట్టలేదు. ఆ వీడియో ఆ రోజు ఇరవైసార్లు చూసి ఉంటాను.

రాత్రి మా ఆయనకు ఒక చీటీ ఇచ్చాను. మోటారు, దానికి ఆరంగుళాల ఫ్యాను, రెండు సర్వోలు, స్పీడ్ కంట్రోలరు, రిసీవరు, రిమోటు, బ్యాటరీ. బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయని రాశాను.

"ఇదంతా దేనికి?" అన్నారు.

"ఫైటరు ప్లేను చేస్తాను."

చీటీ వైపు, నా కాలి కట్టు వైపు చూశారు. "కాలు నొప్పికి మాత్రలు మార్చినారా డాక్టరు?" అన్నారు. కానీ తెచ్చిపెట్టారు. శనివారం సాయంత్రం సంచి నిండా తెచ్చి మంచం మీద పోశారు.

ఫోమ్ షీట్లు మాత్రం ఆ వారం దొరకలేదు. నాకు ఆగే ఓపిక లేదు. ఇంట్లో అటక మీద టీవీ పెట్టెలోని థర్మోకోల్ దింపించుకుని, కోసి, చిటికెలో అతుక్కునే గమ్ము పూశాను. గమ్ము అతకలేదు, థర్మోకోల్‌ను తినేసింది. చూస్తుండగానే రెక్క మధ్యలో బుసబుసమంటూ నా పిడికిలి పట్టేంత బొక్క పడింది. "అయ్యో అయ్యో" అని అరిచాను. వాకిట్లో ఉన్న మామగారు పరుగున లోపలికి వచ్చారు. నేను కాలు కింద పెట్టానేమో అనుకున్నారట.

బొక్క చూశారు. గమ్ము సీసా ఎత్తి వాసన చూశారు.

"ఏందమ్మా ఇది?"

"విమానం మామా. రెక్క... కరిగిపోయింది."

"విమానమా?" ఆయన మంచం మీద పరిచిన సామాన్లన్నీ వరసగా చూశారు. చూపు సర్వో దగ్గర ఆగింది. సగం అగ్గిపెట్టె అంత ఉండే బుల్లి మోటారు అది, దానికి ఒక చిన్న తెల్ల చెయ్యి. "ఇదేంది?"

బ్యాటరీ కలిపి, రిమోటు ఆన్ చేసి, స్టిక్కు మెల్లగా కదిపాను. తెల్ల చెయ్యి 'జిక్' మని కదిలింది. ఇంకొంచెం కదిపాను. అది ఇంకొంచెం కదిలింది.

"నువ్వు యెంత కదిపితే అంతే కదల్తాదా?"

"అంతే మామా. నూలుపోగంత కదిపితే నూలుపోగంత."

ఆయన అక్కడే, నా మంచం ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చున్నారు. అంతకుముందు ఎప్పుడూ నా ఎదురుగా అలా కూర్చోలేదు. "యేదీ, ఇట్లియ్యి" అని రిమోటు తీసుకున్నారు. బొటనవేలితో కాకుండా, బొటనవేలు, చూపుడువేలు రెండూ కలిపి స్టిక్కును పట్టుకున్నారు. సర్వో చెయ్యి ఈ చివర నుంచి ఆ చివరకు ఎంత నెమ్మదిగా పోయిందంటే, నాకు కదలడం కనిపించలేదు, పోయి చేరాక తెలిసింది.

"లీవరు కొంచెం జర్కు ఇచ్చినామంటే లోపల కేజిలో నలభై మంది మోకాళ్లు ముడుచుకుంటాయి. పైకొచ్చినాంక మన షెడ్డు ముందర నిలబడి తిడతారు," అన్నారు. అని నవ్వారు. అత్తగారు వంటింటి గుమ్మంలోంచి తొంగి చూశారు, ఇంట్లోకి ఎవరైనా చుట్టాలు వచ్చారా అన్నట్టు.

తర్వాతి వారం ఫోమ్ షీట్లు వచ్చాయి. తెల్లగా, నున్నగా, వేలి మందం కూడా లేని షీట్లు. ప్లాను కాగితాలు పదహారు ముక్కలుగా ప్రింటు తీయించి, అతికించి, షీటు మీద పరిచి బ్లేడుతో కోశాను. రెక్కలు, ముక్కు, రెండు తోకలు. వెనక మధ్యలో చీలిక, అందులో తిరిగే ఫ్యాను. ఈసారి గమ్ము గన్నుతో తక్కువ వేడిలో అతికించాను. రెక్కల వెనక అంచున, పైకీ కిందికీ ఆడే రెండు పలకలు ఉంటాయి. విమానం ఎక్కాలన్నా దిగాలన్నా, ఒరగాలన్నా వాటితోనే. సర్వో నుంచి ఆ పలకకు ఒక సన్నని కమ్మీ కలపాలి. నేను కలిపిన కమ్మీ చూసి మామగారికి నచ్చలేదు.

"లూజు ఉండాది."

"ఒక మిల్లీమీటరు మామా, పర్వాలేదు."

"పర్వాలేదు అనేది ఈ పనిలో లేదమ్మా." ఆయన సైకిలు షాపుకు పోయి పాత స్పోకులు రెండు తెచ్చి, పట్టకారుతో రెండు చివరలా జడ్ ఆకారంలో వంచి బిగించారు. ఆ కమ్మీలు ఆడిస్తే చప్పుడు కూడా లేదు. ఆ సాయంత్రం మా ఆయన రైలు దిగి వచ్చేసరికి తండ్రీ, భార్యా నేల మీద చాప పరుచుకుని, ఫోమ్ పొడి మధ్య కూర్చుని వాదించుకుంటున్నారు. ఆయన చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కాసేపు నిలబడ్డారు. "అమ్మా, ఏమైంది వీళ్లకి?" అని అడిగారు. "నాకేం తెలుసురా, నాలుగు దినాలుగా ఇంతే," అన్నారు అత్తగారు.

విమానానికి బరువు సమానంగా ఉండాలి. ప్లానులో చూపిన చోట రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తితే అటూ ఇటూ వాలకుండా నిలవాలి. మాది తోక మీదికి వాలింది. బ్యాటరీని ముక్కు దాకా జరిపినా చాల్లేదు. ముక్కులో ఏదైనా బరువు పెట్టాలి. ఇల్లంతా వెతుకుతుంటే అత్తగారు పోపుల పెట్టె పక్కనుంచి నిమ్మకాయంత చింతపండు ఉండ తెచ్చి, ప్లాస్టిక్ కవరులో చుట్టి ముక్కులో దూర్చారు. "ఇప్పుడు చూడు" అన్నారు. చూస్తే తక్కెడలా నిలిచింది. అందరం చప్పట్లు కొట్టాం. తెల్లారేసరికి ఫైటరు ముక్కు నిండా చీమలు. మామగారు విసుక్కుంటూ చింతపండు తీసేసి, అంతే బరువున్న ఇనుప నట్లు పెట్టారు.

పిల్లలు వాడే వాటర్ కలర్లతో బూడిద రంగు వేశాను. నా కట్టు విప్పారు. కర్ర పట్టుకుని నడవొచ్చన్నారు. మొదటి ఆదివారం పొద్దున్నే బయల్దేరుతుంటే అత్తగారు వాకిట్లో ఆపారు. ముక్కుకు కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ చేతిలో పట్టుకుని విమానం చుట్టూ తిరిగారు.

"చక్రాలు యాడుండాయి దీనికి?"

"చక్రాల్లేవత్తా. చేత్తో విసరాలి, కడుపు మీద దిగతాది."

"చక్రాలు లేకుంటే నిమ్మకాయ యాడ పెట్టేది? కొత్త బండి అంటిరి!" చివరికి నిమ్మకాయను మామగారి చెప్పు కింద పెట్టి తొక్కించారు.

మా ఇంటికి కూతవేటు దూరంలో పాత ఆటస్థలం ఉంది. గోలుపోస్టులు తుప్పు పట్టాయి కానీ నిలబడే ఉన్నాయి. ఒక పక్క నీలగిరి చెట్లు, ఇంకో పక్క సైనేడ్ దిబ్బలు. సయనైడ్ కలిపి బంగారం తీసేశాక మిగిలిన పిండిలాంటి మట్టిని ఏళ్ల తరబడి పోస్తే అవి కొండలయ్యాయి. మధ్యాహ్నం గాలి లేస్తే ఆ దుమ్ము కళ్లలో పడుతుంది. అందుకే పొద్దున పోయేవాళ్లం.

మామగారు విసరాలి, నేను నడపాలి. ఆయన విమానాన్ని రెండు చేతులతో పట్టుకుని, గుడ్ల బుట్ట దించినట్టు గాల్లో వదిలారు. అది ఆయన కాళ్ల దగ్గరే పడింది. "గట్టిగా విసరండి మామా!" అన్నాను. రెండోసారి కోపంతో విసిరారు. నేను మోటారు మొత్తం పెంచేశాను. విమానం గయ్యిమని లేచి, ఎడమకు దొర్లి, తలకిందులై, నేలను ముక్కుతో పొడిచింది. నట్లు ఎగిరిపోయాయి. మూడు సెకన్లు కూడా కాలేదు.

ఇంటికి రాగానే అత్తగారు అడిగారు, "ఎగిరిందా?"

"ఎగిరింది, దిగింది," అన్నారు మామగారు. "ఎగరడం కంటే దిగడమే శానా జోరుగా దిగింది."

నేను నవ్వలేకపోయాను. లోపలికి పోయి ముక్కు అతికించాను. తర్వాతి ఆదివారం మళ్లీ పోయాం. అతికించే హడావిడిలో సర్వో వైర్లు ఒకదాని చోట ఇంకొకటి పెట్టానని నాకు తెలియలేదు. విమానం లేవగానే ఎడమకు ఒరిగింది, కుడికి తిప్పబోతే ముక్కు నేలకేసి పెట్టింది. ఫిజిక్స్ టీచరును, సిగ్గుతో చచ్చిపోయాను.

మామగారు ముక్కలు ఏరుతూ అడిగారు. "ఎగరేసే ముందర చూసుకోవా?"

"చూశాను మామా. నిన్న."

"నిన్న చూస్తే ఈ పొద్దుకు ఎట్ల? మేము ప్రతి షిఫ్టుకూ ముందర ఖాళీ కేజిని ఒకసారి కిందికి పంపించి, పైకి తెచ్చి, బ్రేకు చూసి, ఆమీట మనుషుల్ని ఎక్కిస్తా ఉంటిమి. నిన్న బాగుండె అని యెవురూ చెప్పేది లే."

అప్పటి నుంచి అది మా పద్ధతి అయింది. విసిరే ముందు మామగారు విమానం వెనక నిలబడి గట్టిగా పిలిచేవారు. "పైకి!" నేను స్టిక్కు లాగాలి. పలకలు లేచాయో లేదో ఆయన చూసేవారు. "కిందికి! ఎడమ! కుడి!" నాలుగూ అయ్యాక "సరే" అనేవారు. ఆయన సరే అంటేనే ఎగరాలి.

మూడో ఆదివారం ఎగిరింది.

నిజంగా ఎగిరింది. మోటారు సగమే పెంచాను. ఆయన విసిరిన విమానం తిన్నగా పోయి, నేను స్టిక్కు కొంచెం లాగగానే ముక్కెత్తి, నీలగిరి చెట్ల కంటే పైకి లేచింది. నా నోట్లోంచి ఏదో కేక వచ్చింది, అది మాట కాదు. నా కాలు నొప్పి నాకు తెలియలేదు. బోర్డు మీద గీసిన బాణాలన్నీ అక్కడ పైన నిజంగా ఉన్నాయి, గాలి నిజంగా దాన్ని ఎత్తి పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో అది మలుపు తిరిగి నా వైపే రావడం మొదలుపెట్టింది.

ఎదురుగా వచ్చే విమానానికి ఎడమ కుడి తారుమారవుతాయి. అది నా ఎడమకు పోవాలంటే నేను కుడికి తిప్పాలి. ఈ సంగతి నాకు తెలుసు, కాగితం మీద తెలుసు. చేతికి తెలియదు. ఎడమకు తిప్పాను. అది కుడికి పోయింది. ఇంకా ఎడమకు తిప్పాను. పోయి నీలగిరి కొమ్మల్లో ఇరుక్కుంది.

మేకలు మేపుకుంటున్న ఒకావిడ ఆకులు కోసే దోటి భుజాన వేసుకుని చెట్టు కిందికి వచ్చింది. పైకి చూసి, "ఏంది సామీ అది, గద్దా?" అంది.

"విమానమమ్మా," అన్నారు మామగారు.

"విమానం చెట్టెక్కిందా! ఉండు, దించుతా." దోటితో లాగితే ఒక తోక విరిగి, మిగిలిన విమానం ఆవిడ చేతుల్లోకి వచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కోడిపిల్లంత బరువు గూడా లేదే," అని ఇచ్చేసింది.

మళ్లీ బడికి పోవడం మొదలుపెట్టాను. ఆ బుధవారం ఏదో మీటింగు అని పిల్లల్ని తొందరగా వదిలేశారు. ఇంటికి వచ్చేసరికి పెరట్లో మామగారి గొంతు వినిపించింది. బట్టలు ఆరేసే తీగకు దారంతో విమానం వేలాడుతోంది. దాని ముక్కు ఆయన వైపు ఉంది. ఆయన రిమోటు పట్టుకుని ఎదురుగా నిలబడి, "ఇప్పుడు నా వైపు వస్తా ఉండాది, ఎడమ రెక్క దించాల, ఇట్ల... ఇప్పుడు పోతా ఉండాది, ఇట్ల..." అని తనలో తాను చెప్పుకుంటూ స్టిక్కు కదుపుతున్నారు. గాలికి విమానం తిరిగితే ఆయనా మాట మార్చేవారు.

అత్తగారు బియ్యం ఏరుతూ మెట్టు మీద కూర్చున్నారు. "మూడు దినాలుగా ఇదే పని. నువ్వు బడికి పోతావు, ఈయన పెరట్లోకి పోతాడు. సుమ్నె గమ్మున కూర్చోమంటే కూర్చోడు. నిన్న కాఫీ గూడా చల్లారిపోయింది."

మామగారు నన్ను చూసి రిమోటు వెనక దాచుకోబోయారు. దాని ఏరియలు ఆయన భుజం మీదుగా కనిపిస్తూనే ఉంది.

"ఊరికే చూస్తా ఉండానమ్మా."

"ఆదివారం మీరే ఎగరేయండి మామా."

"నేనా? వద్దమ్మా. పగిలిపోతే?"

"పగిలితే అతికిద్దాం. నేను మూడుసార్లు పగలగొట్టినాను కదా."

ఆయన ఒప్పుకున్నానని చెప్పలేదు. కానీ శనివారం సాయంత్రం తన కళ్లద్దాలు మూడుసార్లు తుడుచుకున్నారు. గడ్డం గీసుకున్నారు. ఆదివారం నాకంటే ముందే తయారై వాకిట్లో నిలబడ్డారు, ఇస్త్రీ చొక్కా, పాత షిఫ్టు బూట్లతో.

ఆటస్థలంలో ఆయన స్నేహితుడు ఒకాయన ఎదురొచ్చారు. గనిలో షాఫ్టు మూతి దగ్గర నిలబడి, కేజిలోకి మనుషుల్ని ఎక్కించి, గంట కొట్టి డ్రైవరుకు సంకేతం ఇచ్చే పని ఆయనది. ముప్పై ఏళ్లు ఒకరు గంట కొడితే ఒకరు లీవరు తిప్పారు. ఒకరికొకరు పని చేసే చోట కనిపించేవారు కాదట, గంట వినిపించడమే.

"ఏమిరా, యెవుర్ని ఎక్కించినావు దాంట్లో?" అని అడిగారు ఆయన.

"నిన్ను ఎక్కిస్తా, దా."

నేను విమానం పట్టుకున్నాను. మామగారు వెనక నుంచి నాలుగూ పరీక్షించుకున్నారు. "సరే" అన్నారు. కానీ మోటారు పెంచలేదు. నేను విమానం ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తున్నాను. ఆయన కదలరు. అప్పుడు ఆ స్నేహితుడు గోలుపోస్టు దగ్గరికి పోయి, చేతికర్రతో ఇనుప స్తంభాన్ని టంగ్ టంగ్ టంగ్ మని కొట్టారు. మనుషులు ఎక్కారు, కదిలించు అనే సంకేతమట అది. నాకు అప్పుడు తెలియదు. ఆ చప్పుడుకు మామగారి వేళ్లు స్టిక్కును ముందుకు తోశాయి. మోటారు గయ్యిమంది. విసిరాను.

విమానం మెల్లగా లేచింది. ఫైటరు అంటే రివ్వున దూసుకుపోతుందనుకుంటాం. ఈయన చేతిలో అది నిండు మనుషులతో పైకి వస్తున్న కేజిలా, ఒక్క కుదుపు లేకుండా ఎక్కింది. దిబ్బల వైపు పోయింది. దిబ్బ అంచు దగ్గర ఒరిగి, విశాలంగా మలుపు తీసుకుని, మా వైపు తిరిగింది. ఎదురుగా వస్తోంది. ఇక్కడే నేను పడేసేది. ఆయన స్టిక్కు కదిపారు, రెక్క ఒరిగింది, సరైన వైపే. మా నెత్తి మీదుగా పోయింది. దాని నీడ నా మొహం మీద ఒక్క క్షణం పడింది.

"ఎట్లా మామా? ఎదురొచ్చేటప్పుడు మీకు తారుమారు కాలేదా?"

ఆయన పైకి చూస్తూనే జవాబిచ్చారు. "తాడు చుట్టుకునే నా డ్రమ్ముకు రెండు కేజిలమ్మా. ఒగటి పైకొస్తా ఉంటే ఇంగొకటి కిందికి పోతా ఉంటాది. ఒగే లీవరు. ముప్పై ఏండ్లు రెండింటినీ మనసులో పెట్టుకునే నడిపినాను. ఇది ఒగటే కదా. అదీ కంటికి కనపడతా ఉండాది!"

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన గొంతు పిల్లవాడి గొంతులా ఉంది. కంటికి కనపడతా ఉండాది, అని ఇంకోసారి అన్నారు, ఈసారి నాతో కాదు.

ఆరు నిమిషాలు ఎగరేశారు. తర్వాత మోటారు తగ్గించి, గాలికి ఎదురుగా తెచ్చి, దించారు. చివరి పది అడుగులు నేను ఎప్పటికీ మరచిపోను. విమానం గడ్డి మీద పడలేదు, ఆనింది. గడ్డి పరకలు ఒరిగి మళ్లీ లేచాయి. గోలుపోస్టు దగ్గరి ఆయన టంగ్ మని ఒక్కటే కొట్టారు. ఆపు, అని. ఇద్దరు ముసలివాళ్లూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, నవ్వు ఆపుకోలేక, అక్కడే గడ్డి మీద కూర్చుండిపోయారు.

ఆ రోజు ఇంట్లో మామగారు ఆగకుండా మాట్లాడారు. ఇడ్లీ తింటూ మాట్లాడారు, చెయ్యి కడుక్కుంటూ మాట్లాడారు. ఏ మలుపులో ఎంత స్టిక్కు ఇచ్చారో అత్తగారికి గరిటెతో చూపించారు. మధ్యాహ్నం కునుకు తీయలేదు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ మావే. గనిలో పని చేసిన వాళ్లు ఒకరిద్దరు వచ్చి చూసేవారు. మామగారి దగ్గరే నేను నేర్చుకున్నాను. మంచి మాస్టరు కాదు ఆయన, తిట్టే మాస్టరు. "జర్కు ఇయ్యొద్దంటే ఇస్తావే! లోపల మనుషులు ఉండారనుకో!" అనేవారు. లోపల మనుషులున్నారని అనుకుని నడిపితే నిజంగానే విమానం నా మాట వినడం మొదలుపెట్టింది. సంక్రాంతి దాటేసరికి ఎదురొచ్చే మలుపు కూడా నా చేతికి వచ్చింది. ఇప్పుడు నేను ఆయన రాగానే లేచి నిలబడటం మానేశాను. నిలబడితే, "కూర్చో, కూర్చో, ఈ కమ్మీ చూడు," అంటారు.

ఎండలు ముదరకముందు ఒక ఆదివారం అత్తగారి తమ్ముడు తన ఊరు క్యాసంబళ్ళికి రమ్మన్నాడు. మా ఆయనకు కూడా సెలవు. నలుగురం పోయాం. రాగి కోత అయిపోయిన చేను, ఎటు చూసినా చదును. చెట్లు లేవు, దిబ్బలు లేవు. మామగారు ఎగరేశారు, నేను ఎగరేశాను, మా ఆయన వద్దంటూనే కాసేపు పట్టుకుని, చెమటలు కక్కి తిరిగిచ్చేశారు. అత్తగారు గట్టు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నారు.

"నాకియ్యరా?" అన్నారు.

మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మామగారు విమానాన్ని బాగా పైకి ఎక్కించి, తిన్నగా పెట్టి, రిమోటు ఆవిడ చేతుల్లో పెట్టారు. "స్టిక్కు ముట్టొద్దు. నేను చెప్పినప్పుడు మెల్లగా తిప్పు."

ఆవిడ రిమోటును చాటలా రెండు చేతులా పట్టుకున్నారు. విమానం నీలి ఆకాశంలో తిన్నగా పోతోంది.

"తిప్పు," అన్నారు మామగారు.

ఆవిడ తిప్పలేదు.

"తిప్పవే! దూరం పోతా ఉండాది!"

"పోనీ. బాగా పోతా ఉండాది కదా. దాన్ని యెందుకు తిప్పేది?"

"కామసముద్రం దాటి ఆంధ్రాలోకి పోతాది!"

"పోతే పోనీ. ఆంధ్రాలో మా పెద్దమ్మ కొడుకు ఉండాడు, పట్టుకుంటాడు."

మా ఆయన నవ్వి నవ్వి మట్టిలో కూలబడ్డారు. మామగారు రిమోటు లాక్కోబోతే ఆవిడ ఇవ్వలేదు, పక్కకు జరిగారు. చీర చెంగు నడుముకు దోపుకుని, కళ్లు చికిలించి, కొంగ అంత, ఈగ అంత, చుక్క అంత అయిపోతున్న విమానాన్ని చూస్తూనే ఉన్నారు. ఆవిడ మొహంలో అంత సంతోషం నేను మా పెళ్లిలో కూడా చూడలేదు. చివరికి నేను చెయ్యి చాపి మోటారు స్టిక్కు కిందికి దించేశాను. చుక్క మెల్లగా దిగుతూ, దూరాన ఏదో చేను వెనక మాయమైంది.

వెతకడానికి నలుగురం బయల్దేరాం. ఎండ నెత్తి మీదికి వచ్చింది. గట్లు దాటి, ఎండిన కాలువ దాటి, ఎవరివో టమాటా తోటల మధ్య నుంచి పోయాం. మామగారు ముందు నడుస్తూ తిడుతున్నారు. అత్తగారు వెనక నడుస్తూ, "నేను ఎగరేసినంత దూరం మీరెవురన్నా ఎగరేసినారా? చెప్పండి," అని అడుగుతున్నారు. అరగంట తర్వాత ఉలవ చేనులో దొరికింది, ఒక్క గీత పడకుండా. మామగారు వంగి, పలకలు ఆడించి చూసి, లూజు లేదని తేల్చుకుని, దాన్ని తీసి అత్తగారి చేతికిచ్చారు. తిరిగి వచ్చే దారంతా దాన్ని ఆవిడే మోశారు.